చట్రానికి అవతలి వైపు

మొన్న మా మేనకోడలి కూతురు ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. మాదాపూర్‌లో తను పనిచేసే ఆఫీసు వాళ్ళు ఒక శనివారం అందరినీ బస్సెక్కించి తీసుకెళ్ళి, చేత్తో కాగితం ఎలా చేస్తారో చూపించి, తలా ఒకటి చేయించారట. దాని మధ్యలో బంతిపూల రేకులు అద్ది ఉన్నాయి. "బాగుందా అమ్మమ్మా?" అంది. బాగుందనే అన్నాను. అని, అలవాటు కొద్దీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు పట్టి చూశాను. ఒక అంచు పలచగా ఉంది.

"ఎవరితో కలిసి ఎత్తినవే?"

"ఎవరితో ఏంటి? ఇంత చిన్న జల్లెడ. గుజ్జులోంచి ఒక్కదాన్నే ఎత్తాను."

అయితే గొడవే లేదు. ఒక్కతే ఎత్తితే పలచన ఎవరిదన్న ప్రశ్న రాదు. నా కాలంలో మేం ఇద్దరం ఎత్తాం. ఆ ప్రశ్న దగ్గరే నా ఉద్యోగం ఒక దారి వదిలి ఇంకో దారి పట్టింది. ఆఫీసులో పక్క సీటు వాళ్ళను చూసి కడుపు మండే పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. కడుపు మంట మంచిది కాదని చెప్పడానికి మాత్రం కాదు. ఆ మాట చెప్పే అర్హత నాకు లేదు.

1971 మొదట్లో నేను గ్రామీణ పరిశ్రమలు చూసే ఒక ప్రభుత్వ విభాగంలో తాత్కాలిక ఉద్యోగిని. ప్రతి మార్చిలో ఆర్డరు పొడిగిస్తారా, ఇంటికి పొమ్మంటారా అని ఎదురుచూడటం అలవాటైపోయింది. మా అన్న ఇంట్లో ఉండేదాన్ని. ఆ ఇంట్లో నాకు ముందు కూరా, తర్వాత చారూ వడ్డించేది నా ఉద్యోగాన్ని చూసే; అది పోతే చారుతోనే సరిపెడతారు. అలాంటి సమయంలో చేతి కాగితం నేర్పే కేంద్రం ఒకటి పెడుతున్నారనీ, అందులో శిక్షకురాలి పోస్టు ఒకటి ఉంటుందనీ, అది పర్మనెంటు అనీ తెలిసింది. అర్హత ఉన్నవాళ్ళం ఇద్దరం. ఇద్దరం కెమిస్ట్రీ చదివినవాళ్ళమే. మా డైరెక్టరు గారు ఇద్దరినీ పిలిచి, "కాగితం చేసే షెడ్డుకు వెళ్ళి పని నేర్చుకోండి. నేను ఒకరోజు వచ్చి చూసి, ఎవరో ఒకరి పేరు రాస్తాను" అన్నారు.

ఆ రెండో ఆమె కోస్తా నుంచి వచ్చిన కుటుంబం మనిషి. నాకంటే రెండేళ్ళు చిన్న. మొదటి రోజు నుంచీ నన్ను "అక్కయ్యగారూ" అని పిలిచేది. ఆ గౌరవంలో నా వయసు తప్ప నాకేమీ వినిపించేది కాదు. ఆఫీసులో మా పోటీకి స్థానికం, స్థానికేతరం అని పేరు పెట్టేశారు. ఆ రోజులు అలాంటివి. క్యాంటీన్‌లో వాళ్ళు ఇటొకరు అటొకరు చేరి వాదించుకునేవాళ్ళు కూడా. నిజానికి నా బాధకు ప్రాంతంతో పనిలేదు. ఆమె మణికట్టుతో పని.

హఫీజ్‌పేటలో రైలు దిగి, బండరాళ్ళ మధ్య కాలిబాటన మాదాపూర్ దిక్కుగా నడిచేవాళ్ళం. ఇప్పుడు మీరు క్యాబులో కూర్చుని సిగ్నల్ ఎప్పుడు పడుతుందా అని విసుక్కునే చోట మాకు సీతాఫలం చెట్లూ, మేకలూ ఎదురయ్యేవి. ఆ దారిలో నేను ముళ్ళు చూసుకుంటూ నడిచేదాన్ని. ఆమె మేకలు కాసేవాళ్ళతో మాట్లాడుతూ నడిచేది. అయినా ముళ్ళు నాకే గుచ్చుకునేవి.

షెడ్డంటే రేకుల కప్పు, పక్కన బావి, ముందు ఒక వేపచెట్టు. వెనక పొడుగ్గా, అద్దంలా నునుపు చేసిన సున్నపు గోడ. పని చూసే పెద్దాయనను అందరూ ఉస్తాద్ అనేవారు. దర్జీల దగ్గర తెచ్చిన గుడ్డ పేలికలు నానబెట్టి, రోకలి కింద దంచి, మెత్తటి గుజ్జు చేసి తొట్టిలో నీళ్ళలో కలిపేవారు. జాలీ బిగించిన చట్రాన్ని ఆ నీళ్ళలో ముంచి పైకెత్తితే నీళ్ళు కారిపోయి గుజ్జు పొరలా నిలుస్తుంది. ఆ పొరే కాగితం. చెప్పడానికి ఇంతే.

మొదటి రోజు ఒక్క మనిషి ఎత్తే చిన్న చట్రాలు ఇచ్చారు. నేను ఎత్తిన పొర మధ్యలో బొక్క. మళ్ళీ ఎత్తాను, ఒక మూల ముద్ద. ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని, నాతో ఏదో చెబుతూ, చట్రం వైపు సరిగ్గా చూడకుండానే ఎత్తింది. పాల మీద మీగడ కట్టినట్టు వచ్చింది.

"వాహ్!" అన్నాడు ఉస్తాద్. "ఇదివరకు చేసినవా బేటీ?"

"లేదండీ. మా అమ్మ పూతరేకులు చేస్తుంటే చూశానంతే."

సాయంత్రానికి ఆమె బేటీ అయింది. నేను మేడమ్‌గానే మిగిలాను. గుజ్జు దంచే ఆడవాళ్ళు మధ్యాహ్నం ఆమె పళ్ళెంలో పచ్చిపులుసు పోసి, నా దగ్గరికి వచ్చి "మీరు తింటరా మేడమ్?" అని అడిగారు. అడిగితే ఎవరు తింటారు? వద్దన్నాను. రైలులో ఆమె కిటికీకి తల ఆనించి హాయిగా నిద్రపోయింది. నేను బొక్క ఎందుకు పడిందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

వారం తిరిగేసరికి మా ఆఫీసు నుంచి ఒక కబురు వచ్చింది. డ్రాయింగ్ స్కూలు వాళ్ళకు పెద్ద కాగితాలు కావాలట. డైరెక్టరు గారు వచ్చినప్పుడు అవే చేసి చూపాలి. పెద్ద చట్రం ఒక్కరి వల్ల కాదు. తొట్టికి చెరో వైపు నిలబడి ఇద్దరు ముంచి, ఇద్దరు ఎత్తాలి. ఉస్తాద్ నన్ను తూర్పున, ఆమెను పడమట నిలబెట్టాడు. ఒకే పోస్టు కోసం పోటీ పడే ఇద్దరి చేతికి ఒకే చట్రం ఇచ్చారు. ఆయనకు మా పోటీ సంగతి తెలియదు. తెలిసినా అలాగే నిలబెట్టేవాడని ఇప్పుడు అనిపిస్తుంది.

"ఒక్క మనిషి లెక్క లేపాలె," అన్నాడు. "ఒక దిక్కు జర పైకి పోతే గుజ్జు రెండో దిక్కు జారుతది. పైకి పోయిన దిక్కు పలచబడ్తది. సమజైందా?"

సమజైంది. అంటే తొందరపడి ముందు ఎత్తేవాళ్ళ అంచు పలచబడుతుంది. కాగితం ఎండాక వెలుతురుకు పడితే, తొందర ఎవరిదో తెలిసిపోతుంది. ఈ మాట వినగానే నాకు చాలా రోజుల తర్వాత ఊపిరి సరిగ్గా ఆడింది. లెక్కకు దొరికేది ఏదైనా నాకు ఇష్టం. ఆమె మణికట్టు లెక్కకు దొరకలేదు. ఇది దొరుకుతుంది.

ఎత్తిన పొరను పక్కనున్న బల్ల మీద, తడి బట్ట మీదికి దించాలి. ఎలాగంటే, ఇద్దరం చట్రాన్ని బల్ల దాకా మోసి, ఆమె అంచును బల్లకు ఆనించేవాళ్ళం. నేను నా అంచును పైకెత్తి ఆమెకు అందించేదాన్ని. ఆమె దాన్ని తన వైపుకు వాల్చేది. పుస్తకంలో పేజీ తిప్పినట్టు. చట్రం తీసేస్తే పొర బట్టకు అంటుకుని ఉండేది. అప్పుడు నేను వంగి, నా వైపున్న తూర్పు మూల మీద గోటితో చిన్న గీత పెట్టేదాన్ని. ఎండాక ఏ అంచు ఎవరిదో తెలియాలి కదా.

మర్నాడు గోడ మీద నుంచి ఊడదీసిన మొదటి పెద్ద కాగితాన్ని ఎండకు పట్టి చూశాను. ఒక అంచు పలచగా ఉంది. గీత ఉన్న అంచు కాదు. రెండోది.

ఎంత సంతోషమో చెప్పలేను.

"నీ దిక్కు పలచగ వస్తున్నది," అన్నాను ఆమెతో, వీలైనంత మామూలుగా.

"అవునాండీ? ఏదీ?" అని దగ్గరికి వచ్చి చూసింది. ముఖం చిన్నబోయింది. "అయ్యో, నిజమే. నేను తొందరపడుతున్నట్టున్నాను అక్కయ్యగారూ."

ఆ రోజు నుంచి ఆమె తన అంచును ఇంకా నిదానంగా ఎత్తడం మొదలుపెట్టింది. ఎండిన కాగితం చూస్తే పలచన తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. మళ్ళీ చెప్పాను. ఆమె ఇంకా నిదానం చేసింది. ఊపిరి బిగబట్టి, పెదవి కొరుక్కుంటూ ఎత్తేది. కబుర్లు ఆగిపోయాయి. రైలులో నిద్ర ఆగిపోయింది. కిటికీ దగ్గర కూర్చుని చేతులు గాలిలో పైకీ కిందికీ ఆడించి చూసుకునేది. ఎదుటి సీట్లో నేను కమలాపండు ఒలుచుకుని తినేదాన్ని. పుల్లటిది కూడా తియ్యగా ఉండేది.

ఉస్తాద్‌కు మాత్రం ఇది నచ్చలేదు. "ఏంది మేడమ్, రోజూ నీ దిక్కు, నా దిక్కు అంటవు? కాగితానికి దిక్కులుంటయా?"

"తప్పు ఎవరిదో తెల్వాలె గద ఉస్తాద్?"

"తెలిస్తే ఏంజేస్తవు?"

ఏం చేస్తానో నాకు తెలుసు.

డైరెక్టరు గారు వచ్చిన రోజు మాఘమాసం చివర. వేప ఆకులు పండి రాలుతున్నాయి. తొట్టిలో పడకుండా పైన గోనెపట్టా కట్టారు కానీ, గాలికి అది ఒక పక్క ఎగిరిపోతూనే ఉంది. ఆయన కుర్చీ వేయించుకుని కూర్చోలేదు, మా పక్కనే నిలబడ్డారు. చుట్టూ గుజ్జు దంచే ఆడవాళ్ళు చేరారు.

ముంచాం. ఎత్తాం. నీళ్ళు కారుతుండగా ఒక పండుటాకు గిరగిరా తిరుగుతూ వచ్చి చట్రం మీద పడింది. నా అంచు దగ్గర, తడి గుజ్జులో, నా బొటనవేలికి బెత్తెడు దూరంలో. నేను ఒక చెయ్యి వదిలి తీయబోయాను.

"తియ్యకు, తియ్యకు! బొక్క పడ్తది," అని అరిచాడు ఉస్తాద్. "ఉండనియ్యి. ఎండినంక చూద్దం."

బల్ల దాకా మోశాం. నా అంచు పైకెత్తి అందించాను. ఆమె వాల్చింది. నేను వంగి తూర్పు మూల మీద గీత పెట్టాను. డైరెక్టరు గారు అడిగారు.

"ఆ గీత దేనికమ్మా?"

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. ముందే కూర్చుకున్న మాటలు చెప్పేశాను.

"సార్, మేము లేపిన పెద్ద కాగితాలన్నిట్ల ఒక అంచు పలచగ వస్తున్నది. తొందరగ లేపినోళ్ళ అంచు పలచబడ్తది. నేను తూర్పుకు నిలబడ్త. గీత పెట్టిన అంచు నాది. సాయంత్రం ఎండినంక మీరే వెలుగుకు పట్టి చూడండి. పలచగ ఉండేది రెండోది."

అందరూ విన్నారు. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ నేల చూసింది. డైరెక్టరు గారు తలూపి, దగ్గర్లోనే ఇంకో పని చూసుకుని సాయంత్రం వస్తానని వెళ్ళారు. గుజ్జు దంచే ఆడవాళ్ళు ఆ మధ్యాహ్నం పచ్చిపులుసు తింటారా అని నన్ను అడగను కూడా లేదు.

కాగితాన్ని మర కింద ఒత్తి, గోడకు కుంచెతో అంటించారు. ఎండ బాగా కాసింది. డైరెక్టరు గారు తిరిగి వచ్చేసరికి ఎండిపోయింది. ఉస్తాద్ ఒక మూల గోరు దూర్చి, చర్రున శబ్దం వచ్చేలా ఒకే ఊపున ఊడదీశాడు. డైరెక్టరు గారు దాన్ని రెండు చేతులతో సాయంత్రపు ఎండకు ఎదురుగా పట్టుకున్నారు.

నేను చెప్పినట్టే ఉంది. గీత ఉన్న అంచు దట్టంగా, సమంగా ఉంది. అవతలి అంచు పలచగా, వెనక పట్టుకున్న ఆయన వేళ్ళు కనిపించేంత పలచగా ఉంది.

"మీరు చెప్పింది కరెక్టేనమ్మా," అన్నారాయన. "పలచనైంది ఆ అమ్మాయి అంచే."

ఆ పలచటి అంచులో, కాగితంలో కలిసిపోయి, వేపాకు ఉంది.

మొదట నాకు అర్థం కాలేదు. ఆకు అక్కడికి ఎలా వెళ్ళింది? నా బొటనవేలి పక్కన పడిన ఆకు ఆమె అంచులోకి ఎలా నడిచి వెళ్ళింది? ఆకు నడవదు. మరి? అప్పుడు నా చేతులు గుర్తొచ్చాయి. నా అంచును నేనే పైకెత్తి ఆమెకు అందిస్తున్నాను. ఆమె దాన్ని పడమటికి వాలుస్తోంది. పేజీ తిప్పితే కుడి అంచు ఎడమకు పోతుంది. ఇన్నాళ్ళూ నా అంచు పడమట పడుకుంటోంది. నేను ఆమె అంచు మీద గీత పెట్టుకుని, ఇది నాది అనుకుంటున్నాను. నా లెక్కంతా చట్రం తిరగేసిన తర్వాత మొదలైంది.

ఆకు ఎవరి అంచు దగ్గర పడిందో పట్టించుకున్నవాళ్ళం ముగ్గురమే. ఉస్తాద్ పొగ తాగే చిలుం వెతుక్కుంటున్నాడు. ఆమె ఇంకా నేలే చూస్తోంది, కాగితం వైపు తల ఎత్తలేదు. డైరెక్టరు గారు కాగితం మడవకుండా చుట్టబోతున్నారు. నేను నోరు మూసుకుని నిలబడితే చాలు.

నిలబడలేకపోయాను. దీన్ని నిజాయితీ అనుకోకండి. ఆమె మీద జాలి అంతకన్నా కాదు. తప్పుడు లెక్క నా ఎదురుగా ఉంటే నా చెయ్యి ఊరుకోదు. అది నా జబ్బు.

"సార్, ఆగండి. ఆ ఆకు నా దిక్కు పడ్డది."

"అంటే?"

"అంటే ఆ పలచటి అంచు నాది. చట్రం తిరగేస్తే దిక్కులు మారుతయి. నేను చూసుకోలే."

ఆమె చటుక్కున తలెత్తింది. కాగితం దగ్గరికి వచ్చి, ఆకు మీద వేలు పెట్టింది. గీత మీద వేలు పెట్టింది. గాలిలో చేతులు తిప్పి చూసుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"అయ్యో అక్కయ్యగారూ! నేను ఇన్నాళ్ళూ నాదే అనుకుని ఎంత తంటాలు పడ్డానండీ! రైల్లో కూడా ఎత్తుతూనే ఉన్నానండీ!"

అదీ అసలు సంగతి. నేను తొందరగా ఎత్తుతున్నాను. నా అంచు పలచబడుతోంది. తప్పు నీదేనని నేను చెప్పగా చెప్పగా ఆమె ఇంకా నిదానం చేస్తోంది. ఆమె నిదానించేకొద్దీ నా అంచు ఇంకా ముందు లేచి, ఇంకా పలచబడుతోంది. దాంతో నేను ఇంకా గట్టిగా చెబుతున్నాను. పుట్టుకతో మంచి చెయ్యి ఉన్న మనిషికి నా అసూయతో రోజూ సాన పెట్టాను. నేను కమలాపండు తింటూ చూసింది ఆమె ఓటమిని కాదు, ఆమె సాధనను.

ఉస్తాద్ చిలుం దొరకబుచ్చుకుని వచ్చి, ఏం జరిగిందో విని, "దిక్కులు లేవని చెప్పలే నీకు?" అన్నాడు. అందరూ నవ్వారు. డైరెక్టరు గారు కూడా నవ్వి, నా వైపు చూసి, ఆ నవ్వు ఆపుకున్నారు. ఆ ఆపుకోవడం నాకు నవ్వుకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

పోస్టు ఆమెకు వచ్చింది. రాకపోతే నేనే ఫిర్యాదు చేయాల్సి వచ్చేది. నా గురించి డైరెక్టరు గారు ఇంకో నోటు రాశారు. కాగితంలో లోపం పట్టే కన్ను ఉంది, ఎవరి లోపమైనా దాచదు, స్టోర్సులో సరుకు తనిఖీకి పనికొస్తుంది అని. అదీ కొన్నాళ్ళకు పర్మనెంటు అయింది. మా అన్న ఇంట్లో కూర తర్వాతే చారు వస్తూ ఉంది.

స్టోర్సులో నా పని, వచ్చిన కాగితాన్ని కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూడటం. బాగుంటే తీసుకోవడం, లేకపోతే తిప్పి పంపడం. ఆమె కేంద్రం నుంచి కూడా కట్టలు వచ్చేవి. ప్రతి కట్టనూ విప్పి, ప్రతి కాగితాన్నీ పట్టి చూసేదాన్ని. మిగతా సరుకుకు అక్కడొకటి ఇక్కడొకటి చూస్తే సరిపోయేది. ఆమె సరుకుకు సరిపోయేది కాదు. ఒక్క పలచటి అంచు దొరకాలని ఎంత వెతికానో! దొరకలేదు. ఉస్తాద్ ఆమెకు అవతల నిలబడి ఎత్తేవాడని వినేదాన్ని. ఇద్దరి అంచులూ ఒకే మనిషి ఎత్తినట్టు ఉండేవి. సంతకం పెట్టి తీసుకునేదాన్ని. ఆ సంతకాలు పెట్టినంత కష్టంగా నేను జీవితంలో ఇంకేదీ చేయలేదు.

అలా కొన్నేళ్ళు గడిచాక ఉస్తాద్ పోయాడని తెలిసింది. ఆ తర్వాత వచ్చిన కట్ట విప్పి, మొదటి కాగితం వెలుతురుకు పట్టాను. ఒక అంచు పలచగా ఉంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

ఎగిరి గంతేయాల్సిన మాట. కానీ గంతేయలేదు. కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూశాను. ఆ పలచన నాకు తెలుసు. ఊపిరి ఆగినట్టు చట్రం లేవడం, నీళ్ళు ఇంకా కారుతుండగానే ఒకరి అంచు ముందు పైకి పోవడం. అవతల ఎవరో కొత్త మనిషి నిలబడింది. నాలాగే తొందర మనిషి. నాతో చట్రం పట్టిన ఆమె ఆ కొత్త మనిషికి ఎదురుగా నిలబడి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, "నిదానమండీ, నీళ్ళు కారనివ్వండి" అని చెబుతూ ఉంటుంది. సాయంత్రం రైలులో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. ఇన్నేళ్ళూ నేను అసూయపడింది ఆమె చేతుల్ని చూసి అనుకున్నాను. ఆ రోజు మాత్రం ముఖం తెలియని ఆ రెండో మనిషిని చూసి కడుపు భగ్గుమంది.

కట్టను తిప్పి పంపాను. నియమం ప్రకారమే పంపాను. కారణం రాసే చోట, చెయ్యి ఊరుకోక, "పడమటి అంచు పలచన" అని రాశాను. కట్టిన కట్టలో పడమర ఎక్కడుంటుంది? ఆమెకు తప్ప ఇంకెవరికీ అర్థం కాని మాట.

ఆమె కేంద్రం నుంచి కొత్త కట్టతో బండి తోలుకొచ్చిన మనిషి నా బల్ల ముందు నిలబడి తల గోక్కున్నాడు.

"మేడమ్, అమ్మ ఒక మాట అడగమన్నది. నాకైతే సమజ్ కాలే. గట్లనే చెప్తున్న."

"చెప్పు."

"పడమర అంటే చట్రం తిప్పకముందు పడమరనా, తిప్పినంక పడమరనా అని అడగమన్నది."

నవ్వు ఆగలేదు. స్టోర్సులో నేను పైకి నవ్వడం ఎవరూ చూసి ఉండరు. పక్క బల్ల వాళ్ళు తలెత్తి చూశారు. కట్ట విప్పి చూశాను. అన్ని అంచులూ సమంగా ఉన్నాయి. సంతకం పెట్టి రసీదు అతని చేతికిచ్చాను. ఇచ్చాక, ఊరుకోలేక అడిగాను.

"ఈ మాట చెప్పేటప్పుడు అమ్మ నవ్విందా?"

"బాగ నవ్విన్రు మేడమ్. చట్రం ఇడిచిపెట్టి ఇద్దరికిద్దరు నవ్విన్రు."

అవతలి అంచు పట్టుకున్న ఆ రెండో మనిషి ఎవరని నేను అడగలేదు.